నాలుక నేర్చే పాఠం

పసిబిడ్డకు తీపిని ఎవరూ నేర్పనవసరం లేదు. తల్లిపాలే తియ్యనివి. పుట్టుకతోనే శిశువు తీపిని కోరుతుంది, చేదును ఉమ్మివేస్తుంది. మిగిలిన రుచులను అలవరచవలసిన బాధ్యత పెంచేవారిది. షడ్రుచులనూ కలిపిన ఉగాది పచ్చడిని ఇంట పిల్లలచేత కూడా తినిపించడంలో ఈ ఎరుక ఉన్నది. పలనాటి జొన్నకూటిని శ్రీనాథుడంతటివాడు చాటువులలో ఈసడించుకున్నాడని ప్రతీతి. ఆ కూటినే ఇష్టంగా తిని పెరిగినవారు ఆ సీమలో ఎందరో! భేదం జొన్నలో లేదు. నాలుకకు పడిన అలవాటులో ఉన్నది.

బిడ్డ ఒక కొత్త కూరను అంగీకరించడానికి దానిని ఎనిమిది, పది పర్యాయాలైనా రుచి చూపవలసి ఉంటుందని పోషకాహార నిపుణులు చెబుతారు. మనం రెండవ పర్యాయానికే విసిగిపోతాం. తోటకూర అన్నాన్ని పిల్లవాడు తోసివేయగానే, ఆకలితో ఉంటాడేమోనని బిస్కెట్ల పొట్లం విప్పుతాం. అన్నం వద్దంటే అంతకన్నా తియ్యనిది లభిస్తుందని అప్పుడు వాడు గ్రహిస్తాడు. ఆ పాఠం నేర్పినది మనమే.

చిరుతిండి మనకు కొత్త కాదు. సున్నుండలు, నువ్వుల జీడి, జంతికలు తరతరాలుగా ఉన్నవే. వాటిలో మాత్రం తీపి, నూనె లేవా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే; బెల్లం కూడా చక్కెర వంటిదే. అయితే మినుములు, నువ్వులు మాంసకృత్తులను కూడా ఇస్తాయి. పైగా డబ్బా ఖాళీ అయితే మరల వండేవరకు వేచి ఉండవలసిందే. నేడు అంగడిలో వేలాడే పొట్లాలకు ఆ విరామం లేదు. చక్కెర, ఉప్పు, కొవ్వు అధికమై, పీచు పదార్థం, విటమిన్లు కొరవడిన ఇటువంటి ఆహారాన్నే జంక్ ఫుడ్ అంటున్నాం.

ఇసుకరేణువు, చిన్న గులకరాయి అనే అర్థం గల ‘శర్కర’ అనే సంస్కృత పదమే దేశాలు తిరిగి ఆంగ్లంలో ‘షుగర్’ అయింది. కొద్దిపాటిగా వాడిన ఆ పలుకులు ఇప్పుడు సీసాలలో కరిగి వస్తున్నాయి. 300 మిల్లీలీటర్ల కోలా పానీయంలో 30 గ్రాములకు పైగా, అంటే ఆరేడు చెంచాల చక్కెర ఉంటుంది. అదనంగా చేర్చే చక్కెరల నుంచి లభించే శక్తి రోజు మొత్తంలో 10 శాతానికి మించరాదని, 5 శాతం లోపు ఉంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. రోజుకు 2000 కేలరీలు అవసరమైన విద్యార్థికి ఆ 5 శాతం 25 గ్రాములు మాత్రమే. ఒక్క సీసాతోనే అది దాటిపోతుంది.

ద్రవరూపంలో తీసుకున్న చక్కెర కడుపు నిండిన భావన కలిగించదు. గ్లూకోజు త్వరితంగా రక్తంలో చేరుతుంది. దానిని అదుపు చేయడానికి క్లోమగ్రంథి అధికంగా ఇన్సులిన్‌ను స్రవించవలసి వస్తుంది. చక్కెరలో సగభాగమైన ఫ్రక్టోజు మితిమీరితే కాలేయంలో కొవ్వుగా మారుతుంది. నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మార్చి పంటి పింగాణీ పొరను కరిగిస్తాయి. పొట్లాలతో ఆకలి తీరిన బిడ్డ ఆకుకూరలకు, పప్పుకు దూరమవుతాడు. అందువల్లనే చూపులకు బొద్దుగా ఉన్న పిల్లలలో సైతం రక్తహీనత కనబడవచ్చు.

బాల్యంలోని తీపి ఎంత దూరం వెంటాడుతుందో బ్రిటన్ అనుభవం తెలుపుతున్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ చక్కెరకు రేషన్ విధించారు. 1953లో దానిని ఎత్తివేయగానే వాడకం దాదాపు రెట్టింపయింది. ఆ మార్పుకు ముందు వెనుకల జన్మించినవారిని పోల్చిన పరిశోధన ఒకటి 2024లో వెలువడింది. తల్లి గర్భంలోనూ, తొలి రెండేళ్లలోనూ రేషన్ కాలాన్ని గడిపినవారికి పెద్దయిన తరువాత టైప్-2 మధుమేహం ముప్పు సుమారు 35 శాతం, అధిక రక్తపోటు ముప్పు సుమారు 20 శాతం తక్కువగా ఉన్నదట. వారు కావాలని చేసిన ఉపవాసం కాదది. దొరకకపోవడమే వారికి మేలు చేసింది.

మన దేశంలో 2020లో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ పాఠశాల ఆవరణలోనూ, దాని చుట్టూ 50 మీటర్ల లోపలా ఇటువంటి పదార్థాల విక్రయాన్ని నిషేధిస్తూ నిబంధనలు చేసింది. యాభై ఒకటవ మీటరులోని దుకాణం సంగతి విద్యార్థులకు చెప్పనక్కరలేదు! అక్కడ పొట్లం వెనుకవైపు తిప్పి చూడటం మేలు. ముడిపదార్థాలను బరువును బట్టి అవరోహణ క్రమంలో ముద్రిస్తారు. మొదటి రెండు మూడు పేర్లలో చక్కెర గాని, గ్లూకోజ్ సిరప్ గాని ఉంటే ఆ పొట్లంలో ప్రధానంగా ఏమున్నదో తెలిసిపోతుంది.

నేర్చిన రుచిని నాలుక మరువగలదు కూడా. నేను నడివయసులో టీలో చక్కెర సగానికి తగ్గించాను. మొదటి వారం అది కషాయంలా తోచింది. రెండు నెలలు గడిచాక ఒక బంధువుల ఇంట పూర్వపు పాళ్లతో కలిపిన టీ ఇచ్చారు. సగం కప్పు కూడా తాగలేకపోయాను.