పొగగొట్టపు వేడిమి నుండి విద్యుత్తు

తాడేపల్లిగూడెము పరిసరములలో ఊకను కాల్చి బాయిలరు నడుపు బియ్యపు మిల్లులు కలవు. బాయిలరులో పుట్టిన వేడిమిలో కొంత భాగము పొగతోబాటు గాలిలో కలిసిపోవును. దానిని పట్టి విద్యుత్తుగా మార్చవచ్చునా? మార్చవచ్చును. ఎంత మేరకు అన్నదే ప్రశ్న.

1821లో సీబెక్ అను శాస్త్రజ్ఞుడు రెండు వేర్వేరు లోహములను వలయముగా కలిపి ఒక అతుకును వేడిచేయగా, దగ్గరనున్న దిక్సూచి ముల్లు కదిలెను. వలయములో విద్యుత్తు ప్రవహించుటయే దీనికి కారణము. వేడి కొసనున్న ఎలక్ట్రానులు చల్లని కొసకు చేరుటచే వోల్టేజి పుట్టును. సాధారణ లోహములలో ఇది డిగ్రీకి కొన్ని మైక్రోవోల్టులే. బిస్మతు టెల్యురైడు అను అర్ధవాహకములో సుమారు 200 మైక్రోవోల్టులు.

మంచి పదార్థమునకు మూడు గుణములు కావలెను: డిగ్రీకి ఎక్కువ వోల్టేజి, విద్యుత్తును బాగుగా పోనిచ్చుట, వేడిని పోనీయకుండుట. ఈ మూడింటిని కలిపి చెప్పు సంఖ్యను యోగ్యతాంకము అందము. ఒక కొస 150 డిగ్రీలు, రెండవది 30 డిగ్రీల సెంటిగ్రేడు అనుకొందము. ఏ యంత్రమైనను వేడిమిలో 28 శాతమును మించి పనిగా మార్చజాలదు. యోగ్యతాంకము 1 అయినచో లభించునది 5.5 శాతము, 2 అయినచో 8.5 శాతము. కనుకనే క్రొత్త పదార్థములకై అన్వేషణ.

అట్టివానిలో టోపలాజికల్ అర్ధలోహములు ఒక తెగ. వీనిలో ఎలక్ట్రానులతో నిండిన శక్తిపట్టీయు, ఖాళీ పట్టీయు కొన్ని బిందువుల వద్ద తాకుచుండును. స్ఫటికపు సౌష్ఠవము ఆ తాకిడిని కాపాడును. అచ్చట ఎలక్ట్రానులు బరువు లేనివానివలె చురుకుగా చలించును. కాడ్మియము ఆర్సెనైడు ఇట్టిదని 2014లో ప్రయోగములు నిరూపించినవి.

కాని చిక్కు ఒకటున్నది. పట్టీలు తాకుచోట ఎలక్ట్రానులతోబాటు రంధ్రములును ఉండును. ఒకటి ఋణమును, మరొకటి ధనమును చల్లని కొసకే మోయును. అప్పును ఆస్తియు సమానమైన ఇంట మిగులు లేనట్లే వోల్టేజియు మిగులదు. కావున ఇతర మూలకమును కొద్దిగా చేర్చి ఒక పక్షమునకు మొగ్గు కల్పింతురు. దీనినే డోపింగు అందురు. మొగ్గు మితిమీరినను పదార్థము లోహమువలె మారి వోల్టేజి తగ్గును. కాడ్మియము ఆర్సెనైడులో సహజముగనే ఎలక్ట్రానులు అధికము. జింకు చేర్చినకొలది అవి తగ్గును. పలుచని పొరగా చేసినచో స్ఫటిక కంపనములు అంచులకు తగిలి చెదరును. వేడి సులభముగా దాటదు.

అయినను, మైక్రాను మందమైన పొర ఇరువైపుల 120 డిగ్రీల తేడాను నిలుపుట దుర్లభము. పైగా కాడ్మియము, ఆర్సెనిక్ రెండును విషములే. వరిచేల నడుమ, చేపల చెరువుల చెంత ఆ సంగతి మరువరాదు. పొగగొట్టమునకు ఇది ఇంకను తగినది కాదు.

1834లో పెల్టియర్ కనుగొన్న విలోమ ఫలితమున విద్యుత్తును పంపినచో ఒక అతుకు చల్లబడును. కొల్లేటి చేపల లారీకి ఇది ఖర్చెక్కువ. మంచుగడ్డ, కంప్రెసరులే మేలు. చిన్న మందుల పెట్టెకు, సూక్ష్మ పరికరములకు ఇది తగును. పలుచని పొరల భవిష్యత్తు అందే కలదు.

ఉపాధ్యాయులు తరగతిలో రాగితీగను, ఇనుపతీగను రెండు కొసలయందును మెలిపెట్టి, రాగితీగను నడుమ త్రుంచి గాల్వనోమీటరునకు తగిలింపవలెను. ఒక మెలికను క్రొవ్వొత్తిపై ఉంచి, రెండవదానిని మంచునీట ఉంచినచో ముల్లు కదలును. తాడేపల్లిగూడెమున 2015 నుండి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ కలదు. ఊక మంటలకును కొదువలేదు. సమస్యయు, ప్రయోగశాలయు ఒకే ఊరనున్నవి. కావలసినది ఆ ముల్లు ఏల కదలెనని అడుగు విద్యార్థి.