నడుస్తున్నప్పుడు పిలవకండి

బిడ్డా, మన రాయికోడ్ బజారులో ఈ చివర నుంచి ఆ చివరకు మామూలుగా నడిచిపో. తిరిగి వచ్చేటప్పుడు వంద నుంచి ఏడేడు తీసేసుకుంటూ నడువు. 93, 86, 79... నాలుగైదు లెక్కలు దాటేసరికి నీ అడుగన్నా నెమ్మదిస్తుంది, లెక్కన్నా తప్పుతుంది. ఈ ఆట నేను కనిపెట్టింది కాదు. నాడీవ్యాధుల పరిశోధకులు ఆసుపత్రి వరండాల్లో ఆడించేదే. లెక్కలు చెయ్యకుండా ఎంత వేగంగా నడిచారు, చేస్తూ ఎంత వేగంగా నడిచారు అని చూసి ఆ తేడాను రాసుకుంటారు.

నడక దానంతటదే సాగిపోతుందని మనం అనుకుంటాం. కొంత నిజమే. 1911లో థామస్ గ్రాహం బ్రౌన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పిల్లుల మీద ప్రయోగం చేసి, మెదడుకూ వెన్నుపాముకూ లంకె తెగిపోయినా వెనక కాళ్ల కండరాలు నడక లయలో బిగుస్తూ సడలుతూ ఉండడం చూశాడు. అడుగు వెనక అడుగు వేయించే తాళం వెన్నుపాములోనే ఉందన్నమాట. కానీ తాళం ఒక్కటే నడక కాదు గదా! వాన వెలిసినాక మన నల్లరేగడిలో పత్తిచేను ఒడ్డు మీద నడిచి చూడు. ఎక్కడ జారుతుందో, ఎక్కడ కాలు దిగబడుతుందో చూసుకోవడంలోనే పడతావు, నీ నోరు దానంతటదే మూతపడుతుంది. అప్పుడు నుదుటి వెనక ఉండే మెదడు భాగం పనిలోకి దిగుతుంది. లెక్కలు చెయ్యడానికీ, మాట వెతుక్కోవడానికీ కావలసింది కూడా అదే.

మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్లకు తారురోడ్డు కూడా ఆ ఒడ్డే.

డాక్టర్లు పొట్టిగా ఎంఎస్ అంటారు. 1868లో పారిస్‌లో షార్కో అనే వైద్యుడు దీన్ని ఒక ప్రత్యేక జబ్బుగా వివరించాడు. మెదడులో, వెన్నుపాములో నాడుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. మంచి పొర ఉన్న లావుపాటి నాడిలో కబురు సెకనుకు 120 మీటర్ల దాకా పరుగెత్తుతుంది. పుట్టుకతోనే పొర లేని సన్నని నాడుల్లో సెకనుకు ఒకటి రెండు మీటర్లు పోతే గొప్ప. ఎంఎస్‌లో ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే ఈ పొర మీద పడి అక్కడక్కడ చెరిపేస్తుంది. పొర పోయిన చోట కబురు ఆలస్యమవుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కడం, ఒక కన్ను మసకబారడం, తూలడం అట్లా మొదలవుతాయి.

కాలు ఎక్కడ పడిందో పైకి కబురు సరిగా అందనప్పుడు, ఊరికే జరిగిపోవలసిన నడకను మెదడు దగ్గరుండి నడిపించాలి. నుదుటి మీద పరారుణ కాంతి పరికరం కట్టి నడిపించి చూసినప్పుడు, ఆరోగ్యవంతుల కంటే ఎంఎస్ ఉన్నవాళ్లలో నుదుటి వెనక మెదడుకు ఎక్కువ ఆక్సిజన్ అందుతున్నట్టు తేలింది. బయటికి చూస్తే ఇద్దరూ నడుస్తున్నట్టే ఉంటుంది. లోపల ఒకరికి పని ఎక్కువ. పైగా ఎంఎస్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఆలోచన వేగం కూడా కొంత తగ్గుతుంది. అట్లాంటి మనిషిని వెనక నుంచి "బియ్యం ఎన్ని కిలోలు తెమ్మన్నావ్?" అని పిలిస్తే ఏమవుతుందో ఊహించుకో.

మన అవధానుల సంగతేమిటని అడుగుతావేమో. పద్యం అల్లుతూ, మోగిన గంటలు లెక్కపెడుతూ, అప్రస్తుత ప్రసంగం చేసేవాడికి చురక వేస్తూ ఎనిమిది పనులు నెగ్గుకొస్తారు కదా అని. నెగ్గుకొస్తారు, కానీ కూర్చుని!

1997లో లాన్సెట్ పత్రికలో స్వీడన్ పరిశోధకులు రాసిన ఒక చిన్న వ్యాసం నాకు మహా ఇష్టం. వాళ్లు 58 మంది వృద్ధులతో నడుస్తూ మాట కలిపారు, అంతే. 12 మంది జవాబు చెప్పడానికి టక్కున ఆగిపోయారు. తర్వాతి ఆరు నెలల్లో ఆ 12 మందిలో 10 మంది ఎప్పుడో ఒకప్పుడు పడ్డారు. పైసా ఖర్చు లేని పరీక్ష! వాళ్లు ఎంఎస్ ఉన్నవాళ్లు కారు, వయసు పైబడినవాళ్లు. కానీ ఆ తర్వాత ఎంఎస్‌లోనూ ఈ దారిన ఎన్నో పరిశోధనలు జరిగాయి. అందుకే డాక్టరు 25 అడుగులు నడిపించి గడియారం చూసి "బాగానే ఉంది" అంటే సగమే తెలిసినట్టు. ఇంట్లో, బజారులో నడక అంత నిశ్శబ్దంగా ఉండదు.

ఎండ సంగతి కూడా విను. ఒళ్లు వేడెక్కితే పొర పోయిన నాడులు ఇంకా మొరాయిస్తాయి. 1890లో జర్మనీ కంటి వైద్యుడు ఊట్‌హోఫ్ దీన్ని గమనించాడు. జహీరాబాద్ వైపు ఏప్రిల్, మే ఎండలు నీకు తెలుసు. పొద్దున బాగానే నడిచిన మనిషి మధ్యాహ్నం తడబడితే అది నటన కాదు. ఒళ్లు చల్లబడితే మళ్లీ తేరుకుంటారు.

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. ఈ జబ్బు ఎక్కువగా 20, 40 ఏళ్ల నడుమ మొదలవుతుంది. మగవాళ్ల కంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువ. అంటే మన ఇళ్లలో కోడళ్ల వయసు. నడుస్తూ పలకకపోతే పొగరు అంటారు, చేతిలో గిన్నె జారితే ఒళ్లు దగ్గర లేదంటారు. బయల్దేరినవాళ్లను ఎక్కడికని అడగకూడదని పెద్దలు పెట్టిన నియమాన్ని ఇక్కడ మాత్రం నేను గట్టిగా సమర్థిస్తాను, శకునం కోసం కాదు, అడుగు తడబడకూడదని.

అట్లాగని తడబడిన ప్రతివాళ్లకూ ఎంఎస్ అంటగట్టకు. మన దగ్గర షుగరు జబ్బు వల్లో, బి12 లోపం వల్లో కాళ్లు మొద్దుబారినవాళ్లే ఎక్కువ. తేల్చేది నాడీవైద్యుడు, ఎమ్మారై. అందుకు రాయికోడ్ నుంచి హైదరాబాద్ దాకా పోవలసి రావచ్చు. నడకనూ లెక్కనూ కలిపి కొద్దికొద్దిగా సాధన చేయించే ఫిజియోథెరపిస్టులూ ఉన్నారు.

ఈలోగా నువ్వు చెయ్యగలిగింది ఒకటుంది. అట్లాంటి మనిషి ఎదురైతే ముందుకు వచ్చి కనబడు, ఆగనివ్వు, అప్పుడు మాట్లాడు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఎంఎస్ పేరు కూడా ఉంది. వైకల్య ధ్రువపత్రం కోసం శిబిరానికి పోయేటప్పుడు నాడీవైద్యుడి కాగితాలు, ఎమ్మారై రిపోర్టు మరవకుండా పట్టుకుపొమ్మని వాళ్లింట్లో చెప్పు.