గోళ్ళు పాలిపోయాయా? టానిక్ కొనేముందు ఇది చదవండి

గోరుకు సొంత రంగు ఉండదు. మనకు కనిపించే గులాబీ రంగు దాని కింద పారే రక్తానిది. రక్తం తగ్గితే గోళ్ళు పాలిపోతాయి. పాలిష్, గోరింటాకు లేని వేళ్ళను ట్యూబ్‌లైట్ కింద కాకుండా పగటి వెలుతురులో చూడండి. కింది కనురెప్ప లోపల, అరచేతుల్లో కూడా ఎరుపు తగ్గిందా? అయితే రక్తహీనత ఉందేమో పరీక్ష చేయించుకోవాల్సిందే.

అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటూ కోచింగ్‌కు వెళ్ళే అమ్మాయిలకు ఈ మాట ముఖ్యంగా చెప్పాలి. పొద్దున టిఫిన్ మానేసి టీతో సరిపెట్టుకుంటారు. మెట్లెక్కితే ఆయాసం, క్లాసులో కళ్ళు తిరగడం వస్తే చదువు ఒత్తిడి అనుకుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ళ మహిళల్లో ప్రతి 100 మందికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. అంటే ఇది మీ ఒక్కరి సమస్య కాదు.

దగ్గర్లోని బస్తీ దవాఖానాకు వెళ్ళండి. డాక్టర్ రాస్తే అక్కడే రక్తం తీసుకుని తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబ్‌కు పంపుతారు. పైసా ఖర్చు లేదు. హిమోగ్లోబిన్ మహిళలకు 12, గర్భిణులకు 11, మగవారికి 13 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనతే. ఐరన్ మాత్రలు వాడితే మలం నల్లగా వస్తుంది, భయపడి మానేయకండి. మాత్ర వేసుకున్న వెంటనే టీ, కాఫీ తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. గంటైనా ఆగండి. అధిక నెలసరి ఉంటే మొహమాటపడకుండా డాక్టర్‌కు చెప్పండి, చాలామందికి అసలు కారణం అదే.

గోళ్ళపై తెల్ల మచ్చలు కాల్షియం లోపం అంటారు కదా, అవి చాలావరకు చిన్న దెబ్బల గుర్తులే. పసుపు రంగుకు పాలిష్ మరక గానీ ఫంగస్ గానీ కారణం కావచ్చు. గోళ్ళు దాదాపు పూర్తిగా తెల్లబడినా, సగం తెలుపు సగం గోధుమ రంగుకు మారినా కాలేయం, కిడ్నీ పరీక్షలు అవసరం కావచ్చు. ఒక్క గోరులోనే కొత్తగా నల్ల చార వచ్చి వెడల్పవుతుంటే ఆలస్యం చేయొద్దు. అరుదే అయినా అది క్యాన్సర్ కావచ్చు. గోళ్ళు, పెదవులు నీలంగా మారి ఊపిరి ఆడకపోతే మాత్రం బస్తీ దవాఖానా కాదు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇలా పాలిపోయిన గోళ్ళకు నేరుగా పంజాగుట్ట నిమ్స్ ఓపీ లైన్లో నిలబడనక్కర్లేదు. అవసరమైతే బస్తీ దవాఖానా డాక్టరే పెద్దాసుపత్రికి రాసిస్తారు. రక్తం ఇచ్చేటప్పుడు మీ ఫోన్ నంబర్ సరిగ్గా చెప్పండి, రిపోర్టు దానికే వస్తుంది.