నిజమైన హామ్ ఎవరు?

డర్బన్‌లో కొన్ని ఇళ్ళ మీద ఎత్తైన స్తంభమో, ఇంటి కొన నుండి చెట్టు దాకా కట్టిన పొడవాటి తీగో కనిపిస్తుంది. అది టీవీ కోసం కాదు. ఆ ఇంట్లో ఒక హామ్ ఉన్నారని మీరు అనుకోవచ్చు. హామ్ అంటే జీతం కోసం కాక, ఇష్టం కొద్దీ రేడియో నడిపే మనిషి. పరీక్ష పాసైతే లైసెన్సు వస్తుంది, దానితో పాటు కాల్ సైన్ వస్తుంది. రేడియోలో అదే వారి పేరు. మన క్వాజులు-నటాల్ వారి కాల్ సైన్లు ఎక్కువగా జెడ్ ఎస్ 5 అని మొదలవుతాయి.

హామ్‌లు ఏ దేశం వారితోనైనా స్నేహంగా ఉంటారు. కానీ "ఎలా మాట్లాడటం మంచిది?" అని అడిగి చూడండి, గొడవ మొదలవుతుంది. కొందరు చుక్కలు, గీతలు ఉన్న మోర్స్ పంపుతారు. కొందరు మైకులో మాట్లాడతారు. కొందరు కంప్యూటర్ మీట నొక్కితే చాలు, మిగతా పని యంత్రమే చేస్తుంది. ఒకరంటే ఒకరికి కొంచెం చిన్నచూపు.

మీరు తెలుగు తరగతిలో లఘువు, గురువు నేర్చుకుని ఉంటే మోర్స్ మీకు అంత కొత్త కాదు. చుక్క లఘువు, గీత గురువు అనుకోండి. మన గురువుకు రెండు మాత్రలు, మోర్స్ గీత మాత్రం మూడు చుక్కలంత పొడవు. ఎస్ అక్షరానికి మూడు చుక్కలు, అంటే న గణం. ఓ అక్షరానికి మూడు గీతలు, అంటే మ గణం. కాబట్టి ఆపదలో ఉన్న ఓడ పంపే ఎస్ ఓ ఎస్ మన లెక్కలో న, మ, న. ఒకసారి బల్ల మీద వేలితో కొట్టి చూడండి.

దీన్ని చెవితో నేర్చుకోవాలి. నెలలు పడుతుంది. ప్రతి మనిషి చేతికి ఒక నడక ఉంటుంది. పాత స్నేహితుడైతే కాల్ సైన్ చెప్పకముందే, ఆ కొట్టే తీరు విని గుర్తుపడతారు. అందుకే మోర్స్ వచ్చినవారికి గర్వం. ఆ గర్వానికి చట్టం కూడా తోడుగా ఉండేది. దూరదేశాలకు చేరే షార్ట్ వేవ్ వాడాలంటే మోర్స్ తెలియాలని అంతర్జాతీయ నియమం. మన దేశంలో మోర్స్ పాసైనవారికి జెడ్ ఎస్, కానివారికి జెడ్ ఆర్ అని వేరు వేరు పేర్లు ఇచ్చేవారు. పేరు వింటేనే ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో తెలిసిపోయేది!

2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సమావేశం ఈ నిర్ణయాన్ని ఏ దేశానికి ఆ దేశానికే వదిలేసింది. బ్రిటన్ ఆ ఏడాదే మోర్స్ పరీక్ష తీసేసింది, అమెరికా 2007లో తీసేసింది. ఇక హామ్ రేడియో పని అయిపోయిందని కొందరు బాధపడ్డారు. మేము పడ్డ కష్టం పడకుండా వచ్చినవారు నిజమైన హామ్‌లు ఎలా అవుతారని వారి ప్రశ్న.

ఈ మాట మీకు ఎక్కడో విన్నట్టు లేదూ? నేను తెలుగు గుడి తరగతిలో నేర్చుకున్నాను. "మీది పుస్తకాల తెలుగు" అని నవ్వినవారు ఉన్నారు. తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో ఫోనులో రాసే పిల్లలను చూసి ఇప్పుడు ఇంకొకరు నవ్వుతున్నారు.

గొంతుతో మాట్లాడేవారిలోనూ ఇదే కథ జరిగింది. 1950లలో ఎస్ ఎస్ బి అనే కొత్త పద్ధతి పెరిగినప్పుడు, పాత రేడియోలో అది బాతు అరుపులా వినిపించేది. పాతవారు విసుక్కున్నారు. ఇప్పుడు షార్ట్ వేవ్‌లో మాట్లాడే హామ్‌లు దాదాపు అందరూ వాడేది అదే.

ఇప్పటి తగవు ఎఫ్ టి 8 గురించి. దీన్ని 2017లో జో టేలర్, స్టీవ్ ఫ్రాంక్ అనే ఇద్దరు అమెరికా హామ్‌లు తెచ్చారు. టేలర్ సామాన్యుడు కాదు, 1993లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఇందులో 15 సెకన్లు ఒకరు పంపుతారు, తరువాతి 15 సెకన్లు రెండవవారు పంపుతారు. మన చెవికి అందనంత సన్నని సంకేతాన్ని కూడా కంప్యూటర్ పట్టుకుంటుంది. పంపేది ఏమిటి? కాల్ సైన్, ఉన్న చోటు, సంకేతం బలం, చివర 73. హామ్‌ల భాషలో 73 అంటే శుభాకాంక్షలు. చోటును కూడా గుర్తుతోనే చెబుతారు: డర్బన్ కె జి 50, హైదరాబాదు ఎం కె 97. నిమిషంన్నరలో అంతా అయిపోతుంది.

"ఇది రెండు కంప్యూటర్ల మాట, మనుషులది కాదు" అని మోర్స్ వారు, మైకు వారు ఒక్కటై అంటారు. ఇందులో సగం నేను ఒప్పుకుంటాను. సొంత మాట రాయాలంటే ఎఫ్ టి 8లో ఒక్కసారికి 13 అక్షరాలే, అవీ ఇంగ్లీషు అక్షరాలే. "నమస్కారం" అలా రాస్తే 10 అక్షరాలు, పడుతుంది. "బాగున్నారా" 9 అక్షరాలు, అదీ పడుతుంది. రెండూ కలిపితే పట్టవు. పలకరించి, జవాబు వినే తీరిక అక్కడ లేదు. తెలుగు తెలుగుగా వెళ్ళాలంటే గొంతే కావాలి.

ఒప్పుకోని సగం కూడా చెబుతాను. ఫ్లాట్‌లో ఉండేవారికి పెద్ద స్తంభం పెట్టే వీలు ఉండదు. చెవులు సరిగా వినపడని పెద్దవారు ఉన్నారు. బాల్కనీలో చిన్న తీగతో వారు సముద్రాలు దాటుతున్నారంటే ఈ పద్ధతి వల్లనే. వారిని హామ్‌లు కారని ఎలా అంటాం?

పరీక్ష పోయినా మోర్స్ పోలేదు. ఎవరూ బలవంతం చేయకపోయినా నేర్చుకునేవారు ఇంకా ఉన్నారు. చేతి కీతో మోర్స్ కొట్టేవారి కోసమే 2006లో అమెరికాలో ఒక క్లబ్బు మొదలైంది.

వినడంతో మొదలుపెట్టండి. ఎస్ ఎస్ బి ఉన్న షార్ట్ వేవ్ రేడియో దొరికితే, పగటిపూట 14.074 మెగాహెర్ట్జ్‌కు తిప్పండి. చాలా ఈలలు కలిసి పాడినట్టు వినిపిస్తే అది ఎఫ్ టి 8. అక్కడి నుండి 14.000 వైపు కిందికి వెళితే మోర్స్, 14.150 దాటితే గొంతులు. పరీక్ష రాయాలనిపిస్తే సౌత్ ఆఫ్రికన్ రేడియో లీగ్ వారిని అడగండి. 1925 నుండి ఈ పనిలో ఉన్నారు.