ఘంటసాల సంగీత దర్శకత్వమున పద్యము

ఘంటసాల వేంకటేశ్వరరావుగారు గాయకులుగానే మిక్కిలి ప్రసిద్ధులు. సంగీత దర్శకులుగా వారొనర్చిన కృషి ఆ కంఠమాధుర్యము చాటున కొంత మరుగుపడినది. కాని ఆ రెండింటిని వేరుచేసి చూచుట పొసగదు. పాడువారికి మాట విలువ తెలియుటచేతనే వారి వరుసలలో మాట నలుగలేదు.

వారు 1922 డిసెంబరు 4వ తేదీన గుడివాడ ప్రాంతమందలి చౌటపల్లిలో జన్మించిరి. బాల్యముననే తండ్రిని కోల్పోయి, విజయనగరము చేరి, మధుకరముతో పొట్ట పోసికొనుచు పట్రాయని సీతారామశాస్త్రిగారి సన్నిధిని సంగీతము నభ్యసించిరి. 1942 నాటి ఉద్యమమున చెరసాలకేగిరి. పిదప సముద్రాల రాఘవాచార్యులవారి ప్రోత్సాహమున చెన్నపట్టణము చేరి, బృందగానములలో గొంతు కలిపి, 1949లో ‘కీలుగుర్రం’, ‘మనదేశం’ చిత్రములకు సంగీత దర్శకులైరి. 1951 నాటి ‘పాతాళభైరవి’ తమిళమునను వెలువడినది. 1957 నాటి ‘మాయాబజార్’కు సాలూరి రాజేశ్వరరావుగారు నాలుగు పాటలకు వరుసలు కట్టి విరమింపగా, తక్కిన భారమును ఘంటసాలవారు వహించిరి. చిత్రము చూచువారికి ఆ అతుకు కనబడదు.

వారి ప్రతిభ విశేషముగా పద్యమున వెల్లడియైనది. నాటకరంగమున పద్యము చివర దీర్ఘముగా రాగము తీయుట ఆచారము. రాగమునకు వన్సుమోరులు పడెడివి; అర్థము గాలికి పోయెడిది. ఘంటసాలవారు ఆ రాగమును కుదించి, భావమునకు తగినంత మాత్రమే నిలిపిరి. మరియొక సూక్ష్మము కలదు. ఉత్పలమాల, చంపకమాల వంటి వృత్తములలో పాదాంతమున పదము తరచు విరుగును. పాదము ముగిసినదని అచ్చట ఆగినచో సమాసము తెగి, వినువారికి అర్థము చెడును. వారు అర్థము నిలుచు చోటనే ఊపిరి తీసికొనిరి. కరుణశ్రీగారి ‘పుష్పవిలాపము’నకు వారి గ్రామఫోను రికార్డును విన్నచో ఇది తేటపడును. ఇంట తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో మాటలాడుచు, లిపి ఇంకను పట్టుబడని బాలుడు సైతము ఆ పద్యములను విని పదములు విడదీయగలడు. పొరుగు రాష్ట్రములందలి తెలుగు బడులకు ఇది స్వల్పలాభము కాదు.

1963 నాటి ‘లవకుశ’లో కుశలవులకు గొంతునిచ్చినవారు పి. లీల, పి. సుశీల. లీలగారి మాతృభాష మలయాళము. అయినను ఆ పాటలలో తెలుగు మాట ఎచ్చటను పరాయిది కాలేదు.

1974 ఫిబ్రవరి 11వ తేదీన వారు చెన్నపట్టణముననే కన్నుమూసిరి. కడపట గానము చేసిన భగవద్గీత రికార్డు వారి మరణానంతరము వెలువడినది. అందు శ్లోకము వెంట తెలుగు తాత్పర్యము వినవచ్చును.