టోక్యోకి వెళ్లేటప్పుడు ఏడున్నర గంటలు, వచ్చేటప్పుడు పదా?

ఢిల్లీలో ఎక్కితే టోక్యో చేరడానికి దాదాపు ఏడున్నర గంటలు. తిరిగి రావడానికి తొమ్మిదిన్నర, ఒక్కోసారి పది. దూరం ఒకటే కదా, ఎందుకిలా?

టికెట్టు చూసినవాళ్లకు ఈ తేడా తలకిందులుగా కనిపిస్తుంది. రాత్రి 8కి ఢిల్లీలో బయల్దేరితే ఉదయం 7కి టోక్యోలో దిగుతారు. పదకొండు గంటల ప్రయాణం అనుకుంటాం. అక్కడ ఉదయం 11కి ఎక్కితే సాయంత్రం ఐదుంబావుకల్లా ఢిల్లీ. ఆరు గంటలేగా అనిపిస్తుంది. జపాన్ గడియారం మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది. వెళ్లేటప్పుడు ఆ మూడున్నర తీసెయ్యాలి, వచ్చేటప్పుడు కలుపుకోవాలి. అప్పుడు అసలు లెక్క బయటపడుతుంది.

సూటిగా కొలిస్తే దూరం సుమారు 5,900 కిలోమీటర్లు. ఆ సూటి దారి టిబెట్ మీదుగా పోతుంది. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ విమానాన్ని వెంటనే 10,000 అడుగులకు దించాలి. టిబెట్‌లో నేలే సగటున 15,000 అడుగుల ఎత్తులో ఉంది, ఇక దించేదెక్కడికి? అందుకే సాధారణంగా బంగ్లాదేశ్, మయన్మార్, దక్షిణ చైనాల మీదుగా చుట్టి వెళ్తారు. అయితే ఈ చుట్టు రానుపోనూ ఉండేదే.

మరి భూమి తిరగడం వల్లనా? చాలామంది అడిగే మాటే. భూమితోపాటు గాలీ, అందులోని విమానమూ తిరుగుతూనే ఉంటాయి కాబట్టి నేరుగా దాని ప్రభావం ఉండదు. కానీ వెచ్చని భూమధ్యరేఖ వైపు నుంచి ధ్రువాల దిక్కుకు ఎత్తున సాగే గాలిని ఆ భ్రమణమే తూర్పువైపుకు మళ్లిస్తుంది. అలా పడమటి నుంచి తూర్పుకు ఉరికే గాలిప్రవాహాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. సైబీరియా చలి, పసిఫిక్ వెచ్చదనం పక్కపక్కనే తారసపడే జపాన్ మీద చలికాలంలో దాని జోరు మరీ ఎక్కువ. వేసవిలో అది ఉత్తరానికి జరిగి నెమ్మదిస్తుంది.

దీన్ని మొదట పద్ధతిగా కొలిచినవాడు కూడా జపాన్‌వాడే. వాసబురో ఓయిషి 1920లలో టోక్యోకి ఈశాన్యాన తతేనో పరిశీలనాలయంలో బెలూన్లు వదిలి, థియోడొలైట్‌తో వాటి వెంట చూపు నిలిపి, అవి ఎటు ఎంత కొట్టుకుపోతున్నాయో రాసుకున్నాడు. గంటకు 250 కిలోమీటర్లను తాకే గాలి దొరికింది. లోకమంతా చదవాలని 1926లో ఎస్పెరాంతో భాషలో ప్రచురించాడు. బయట పట్టించుకున్నవాళ్లు లేరు. 1944లో జపాన్ మీదికొచ్చిన అమెరికా బి-29 బాంబర్లు అదే గాలిలో చిక్కుకున్నాయి. ఆ మనిషి ఓపికకు దక్కాల్సినంత పేరు ఇప్పటికీ దక్కలేదని నా అభిప్రాయం.

ఇక లెక్క. విమానం వేగం గంటకు 900, గాలి 150, దూరం 6,000 కిలోమీటర్లు అనుకుందాం. గాలివాటున 1,050 వేగంతో 5 గంటల 43 నిమిషాలు. ఎదురుగాలిలో 750 వేగంతో 8 గంటలు. మొత్తం 13 గంటల 43 నిమిషాలు. గాలే లేకపోతే రానుపోనూ 13 గంటల 20 నిమిషాలు చాలు. పోతూ మిగుల్చుకున్నది వస్తూ పోగొట్టుకున్నదానికి సరిపోదు, ఎదురుగాలిలో ఎక్కువసేపు గడపాలి కనుక. దీనికి టేకాఫ్, ల్యాండింగ్, చుట్టుదారి కలిపితే టికెట్టులోని గంటలకు దగ్గరగా వస్తుంది.

జనవరిలో వెళ్తే సీటు ముందున్న తెరమీద గ్రౌండ్ స్పీడ్ గమనించండి. జపాన్ దగ్గరపడేసరికి 1,100 దాటొచ్చు. తిరిగొచ్చేటప్పుడు అదే చోట 700కి పడిపోవచ్చు.