ఇన్‌స్పైర్ మానక్: పిల్లల ఆలోచనకు రూ.10,000

టీచర్ గారూ, మీ బడి పిల్లల్లో ఎవరికైనా కొత్త ఆలోచన వచ్చి, అది ఎంపికైతే, నమూనా చేయడానికి కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ రూ.10,000 ఇస్తుంది. ఒక్కో హైస్కూలు నుంచి 5 వరకు ఆన్‌లైన్‌లో పంపొచ్చు. ఫీజు లేదు.

షాపులో దొరికే అగ్నిపర్వతం, సౌరకుటుంబం మోడళ్లు మాత్రం వద్దు, అవి చూసీ చూసీ విసుగొచ్చింది. మిర్చి కోస్తే అమ్మ చేతులు మండుతున్నాయా? మోటారు వేయడానికి నాన్న రాత్రిపూట పొలం వెళ్తున్నాడా? అలాంటి కష్టం నుంచి పిల్లలనే ఆలోచించనివ్వండి. మీరు సాయం చేయండి, వాళ్ల బదులు చేసిపెట్టకండి.

డబ్బు బడికి రాదు, నేరుగా విద్యార్థి ఖాతాలోనే పడుతుంది. ఖాతా పనిచేయకపోయినా, వివరాలు తప్పుపడినా ఎంపికైన పిల్లలకు కూడా ఆగిపోతుంది. అందుకే నామినేషన్‌కు ముందే పాస్‌బుక్ తెప్పించి పేరు, నంబరు సరిచూడండి. డబ్బు పడ్డాక నమూనా చేయించి జిల్లా ప్రదర్శనకు తీసుకురావాలి.